సంచిలో ఎంగిలి ముక్కలు

పిట్ట రావద్దని చెప్పింది. ఒకసారి చెప్పి ఊరుకోలేదు. పళ్ళు తోముకుంటూ చెప్పింది, జుట్టు ముడేసుకుంటూ చెప్పింది, చెప్పులు వేసుకుని గుమ్మం దాటాక కూడా వెనక్కి తిరిగి, తల లోపలికి పెట్టి మరీ చెప్పింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ మాత్రం షాపుకి రాకు."

"నేనెందుకొస్తానే, నాకు వేరే పని లేదా?" అన్నాను.

నాకు వేరే పని లేదు. వెళ్ళాను.

పిట్ట నా కూతురు. చిన్నప్పుడు పిట్ట తిన్నట్టు తినేదని ఆ పేరు వచ్చింది. ఇప్పుడు నాకన్నా పొడుగైంది, నన్నే ఎదురు తిట్టేంత అయింది, పేరు మాత్రం పోలేదు. అది పనిచేసేది ట్రాఫిక్ లైట్ల పక్కనున్న శాండ్విచ్ షాపులో. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు ఆ షాపెక్కడో. మధ్యాహ్నం పూట లైను ఫుట్‌పాత్ మీద బారులు తీరి, పక్కనున్న మందుల షాపు గుమ్మాన్ని మూసేస్తుంది. మందుల షాపాయన రోజూ బయటికొచ్చి ఆ జనాన్ని తిడతాడు. తిట్టి తిట్టి ఆకలేసి, తనూ ఆ లైన్లోనే నిలబడతాడు.

అది అక్కడ చేరతానన్నప్పుడు నేను వద్దంటే వద్దన్నాను. మాంసం కోసే మెషిన్ ఉంటుందట, గుండ్రంగా తిరిగే పళ్ళెం లాంటి కత్తి. అందులో వేలు పడితే? నేల ఎప్పుడూ తడిగా ఉంటుందట. జారి పడితే? సరుకులు పెట్టే చలి గది ఒకటుందట, తలుపు బయట్నుంచి పడుతుందట. అది లోపలుండగా ఎవరైనా గడియ వేసి ఇంటికెళ్ళిపోతే?

మా ఆయన లిఫ్టు మెకానిక్. "నేను రోజూ లిఫ్టు కింద గోతిలో దిగి పనిచేస్తున్నాను. నీ కూతురు ఉల్లిపాయలు తరిగితే ప్రాణం పోతుందా?" అన్నాడు. నన్ను సముదాయించడానికే అన్నాడు పాపం. కానీ అప్పటిదాకా నాకు ఆ గొయ్యి సంగతి తట్టలేదు. ఆ రోజు నుంచి ఆ భయమొకటి మొదలైంది.

పిట్ట నా మాట వినలేదు. చేరింది. వెనక గదిలో పెనాలు తోమింది, ఆలుగడ్డలు ఒలిచింది, కళ్ళు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చింది. నేను మానెయ్యమంటే, "ముందు బల్ల దగ్గరికి వెళ్ళేదాకా మానను" అంది. ముందు బల్లంటే శాండ్విచ్‌లు చేసే బల్ల. అక్కడ నిలబడాలంటే ఆ షాపులో ఒక పద్ధతుంది. ఓనరమ్మ పెట్టిన పద్ధతి.

ఏదో ఒక శనివారం నాడు, కొత్త మనిషి తన సొంత శాండ్విచ్ ఒకటి చేసి అమ్మాలి. ఎవరు చేశారో తినేవాళ్ళకి చెప్పరు. షాపు శాండ్విచ్‌లన్నీ తెల్ల కాగితంలో చుడితే, దాన్ని మాత్రం గోధుమరంగు కాగితంలో చుడతారు. తిన్నాక కాగితాన్ని నలపకుండా, విప్పినట్టే టేబుల్ మీద వదిలెయ్యాలి. అక్కడికి రోజూ వచ్చేవాళ్ళకి అది అలవాటైపోయింది. ఆ కాగితాలు ఇంకెవరూ తియ్యకూడదు. ఓనరమ్మే పెద్ద ట్రే పట్టుకుని వచ్చి, ఒక్కో కాగితం మీదకి వంగి, ఎవరేం తినకుండా వదిలారో చూసుకుంటూ ఏరుకుంటుంది. బావుందా అని ఒక్కళ్ళనీ అడగదు. అడిగితే అందరూ బావుందనే అంటారు, కడుపులోకి పోనిదేదో అదే నిజం చెప్తుంది అంటుందట ఆవిడ. నెగ్గితే ముందు బల్ల. లేదంటే మళ్ళీ వెనక గది, ఇంకోసారి అడగటానికి లేదు. అలా వెనక్కి వెళ్ళిన ఒకామె ఇప్పటికీ అక్కడే ఉంది. ఆలుగడ్డలు ఒలుస్తూ ఒలుస్తూనే జుట్టు నెరిసిపోయిందని పిట్టే చెప్పింది నాకు.

ఇవాళ పిట్ట వంతు. మరి నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను?

ఒక్కదాన్నే వెళ్ళడానికి ధైర్యం చాలక మా వదినని తోడు తీసుకెళ్ళాను. మా ఆయన అక్క. తిండి దగ్గర ఆవిడకి భయం లేదు, మొహమాటం అసలే లేదు. పైగా మనిషి నిండుగా ఉంటుంది. ఆవిడ వెనక నక్కితే బల్ల దగ్గర్నుంచి పిట్టకి నేను కనబడనని నా లెక్క.

"ఏమే, నీ కూతురు షాపుకి నువ్వు దొంగలా రావడమేంటే?" అంది వదిన, లైన్లో అందరికీ వినపడేలా.

"కాస్త మెల్లగా వదినా. దాని చెవిన పడితే నన్ను చంపేస్తుంది."

"చంపితే చంపుతుంది. ముందు తిననీ."

లోపల చల్లగా ఉంది. కాల్చిన రొట్టె వాసన, వెన్న వాసన, తడి గుడ్డతో తుడిచిన టేబుళ్ళ వాసన. రొట్టెలు పేర్చిన అల్మారా పక్కనుంచి పిట్ట భుజం కనిపించింది, తెల్ల టోపీ కనిపించింది. చెయ్యి ఆడుతూనే ఉంది. దాని పక్కనే ఆ మెషిన్ గిర్రున తిరుగుతోంది. నేను కళ్ళు మూసుకుని, తెరిచి, దాని వేళ్ళు అన్నీ ఉన్నాయో లేదో చూడబోయాను. దూరం నుంచి తెలీలేదు.

ముందు షాపు వాళ్ళ పేరుమోసిన శాండ్విచ్ తిందామంది వదిన. దాన్ని అందరూ 'మేడ' అంటారు. మూడు రొట్టెముక్కలు, మధ్యలో రెండంతస్తుల నిండా కోడిమాంసం, చీజు, దోసకాయ చక్రాలు, ఆవపిండి ముద్ద. వదిన నోరు పూర్తిగా తెరిచినా సగమే పట్టింది.

"ఎలా ఉంది వదినా?"

ఆవిడ చెయ్యి ఊపింది, మాట్లాడించొద్దని.

నేనూ తిన్నాను. ఉన్నదున్నట్టు చెప్తాను, బానే ఉంది. కానీ దానికోసం ఎండలో అంతసేపు నిలబడి మందుల షాపాయన చేత తిట్లు తినేంత బావుందా? మాంసం పిడచకట్టుకుపోయింది. ఉప్పు ఒక చెయ్యి ఎక్కువే పడింది. పేరు వచ్చేసిందిగా, ఇంక ఎవరడుగుతారు? నా పక్క టేబుల్ వాళ్ళు కళ్ళు మూసుకుని తింటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

తరవాత పిట్టది తెరిచాం. గోధుమరంగు కాగితం వెచ్చగా ఉంది. కాల్చిన వంకాయని వెల్లుల్లితో మెత్తగా నూరి, నిమ్మరసం పిండి, రొట్టెకి పూసింది. దాని మీద ఉడికించిన గుడ్డు చక్రాలు, పుదీనా, మిరియప్పొడి. కొరికితే ముందు పొగ వాసన, వెనకనుంచి పులుపు. చివర కాస్త వట్టి రొట్టె తగిలింది గానీ ఆ ఆత్రంలో నేను పట్టించుకోలేదు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కడిగి పెట్టని పిల్ల. ఇది ఎప్పుడు నేర్చుకుంది?

"ఏడుస్తున్నావా?" అంది వదిన.

"ఉల్లిపాయ ఘాటు."

"ఇందులో ఉల్లిపాయ లేదే."

"మీరు తినండి వదినా."

అప్పుడు చూశాను. ఎదురు టేబుల్ దగ్గర ఒక నర్సమ్మ తినడం ముగించి, చెయ్యి తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. విప్పిన గోధుమరంగు కాగితం మధ్యలో ఒక ముక్క మిగిలిపోయి ఉంది.

ఓనరమ్మ ఇంకా అవతలి వరసలో ట్రేతో వంగుతూ లేస్తూ వస్తోంది. మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు, బిగించిన పెదాలు, ఒక్క కాగితాన్నీ వదలడంలేదు. ఇక్కడికి రాకముందే... నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే భయమేస్తుంది. గొడుగు వెతుక్కుంటున్న దానిలా లేచి, ఆ టేబుల్ పక్కగా వంగి, ముక్కని సంచిలో వేసేశాను.

మళ్ళీ వచ్చి కూర్చున్నానో లేదో ఇంకో టేబుల్. గళ్ళ చొక్కా అబ్బాయి. వాడూ వదిలాడు. అదీ సంచిలోకి. ఆ తరవాత కిటికీ పక్కన మొగుడూ పెళ్ళాం. ఇద్దరూ తలో ముక్కా వదిలారు, ఒకళ్ళనొకళ్ళు చూసి నేర్చుకున్నట్టు. చేతులు నా మాట వినకుండా వాటి పని అవి చేసేస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగాక పరాయివాళ్ళ ఎంగిలి ముట్టుకున్నదాన్ని కాదు. ఇంట్లో మా ఆయన తాగిన గ్లాసు కూడా కడిగితేగానీ తాగను.

వదిన నన్నే చూస్తోంది. "ఏం చేస్తున్నావే?"

"చూడనట్టు ఉండండి వదినా."

"చూసేశానుగా."

"అయితే అటు తిరగండి."

వదిన అటు తిరిగింది. తిరిగి, గోడకి చెప్పినట్టు, "వెనక తలుపు పక్కన ముసలాయన లేచాడు, వెళ్ళు" అంది.

ఆ ముసలాయన టైలరు. రోజూ అదే కుర్చీలో కూర్చుని తింటాడట, మెళ్ళో కొలతల టేపు తియ్యకుండా. చెయ్యి కడుక్కోవడానికి అటు వెళ్ళగానే నేను ఆయన ముక్క కూడా తీసేశాను.

మధ్యాహ్నం రద్దీ సగానికి తగ్గింది. ఓనరమ్మ ట్రే తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టింది. గోధుమరంగు కాగితాలు ఒకదాని మీద ఒకటి, కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి. నాకు గాల్లో తేలినట్టుంది. అయిపోయింది, నెగ్గేసింది నా కూతురు అనుకున్నాను. వదిన చెయ్యి పట్టుకుని పదండి, పదండి అంటున్నాను.

ఓనరమ్మ గొంతు వినపడింది. పెద్దగా లేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"పిట్టా, ఇలా రా."

పిట్ట టోపీ సర్దుకుంటూ ముందుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ట్రే చూసింది, ఇంకా వెలిగింది.

"ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా కాగితాలు ఏ రోజూ రాలేదు" అంది ఓనరమ్మ. "నేను చేసినవాటికి కూడా రాలేదు. ఎవరు తీశారు ముక్కలు?"

"ఎవరు తియ్యడమేంటి మేడమ్?"

"నువ్వు బయటికొచ్చావా?"

"నేను బల్ల దగ్గర్నుంచి కదల్లేదు."

ఓనరమ్మ ఒక కాగితాన్ని రెండు వేళ్ళతో పైకెత్తింది. "ఇది టైలరుగారిది. ఆయనకి కుడివైపు దవడపన్ను లేదు. గట్టి అంచు నమల్లేడు. నేను షాపు తెరిచిన రోజు నుంచీ అంచు వదులుతూనే ఉన్నాడు. ఇవాళ అంచు లేదు. రాత్రికి రాత్రి పన్ను మొలిచిందా ఆయనకి?"

చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన టైలరు నోట్లో వేలు పెట్టుకుని చూసుకున్నాడు. "లేదండీ" అన్నాడు.

"నాకు పని చాతకాని మనిషైనా పరవాలేదు, నేర్పుకుంటాను" అంది ఓనరమ్మ. "దొంగపని చేసేవాళ్ళు వద్దు. యాప్రాన్ విప్పు."

పిట్ట మొహం పాలిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నేను తియ్యలేదు" అంది. గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా. "తియ్యనిదానికి విప్పను."

నోరు విప్పితే దాని అవకాశం పోతుంది. విప్పకపోతే ఉద్యోగం పోతుంది, పైగా దొంగన్న పేరొస్తుంది. ఇంటికెళ్ళిపోదామని నా కాళ్ళు గుమ్మం వైపే లాగుతున్నాయి. వదిన నా సంచి పట్టీ పట్టుకుని ఆపింది.

వెళ్ళి కౌంటరు మీద సంచి బోర్లించాను.

గొడుగు పడింది, మందుల డబ్బా పడింది, ఇంటి తాళాలు పడ్డాయి, వాటి మధ్యన రొట్టెముక్కలు దొర్లాయి. ఒకటి ఓనరమ్మ చేతి దాకా వెళ్ళి ఆగింది.

"నేను తీశాను" అన్నాను. "దాని తల్లిని. దానికి తెలీదు. నేను వస్తున్నానని కూడా తెలీదు, రావద్దంది కూడా. అనాల్సింది నన్ను అనండి."

టైలరు ముందుకి వంగి చూశాడు.

"అమ్మా, నా ఎంగిలి మీ సంచిలో ఎందుకుంది?"

"మీ పన్ను వల్ల నా కూతురి బతుకు పాడవుతుందని" అన్నాను. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. చావలేదు. ఎక్కడలేని కోపం వచ్చింది.

పిట్ట నన్ను చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. దొంగ అన్నప్పుడు కూడా అలా చూడలేదది. "అమ్మా" అంది పళ్ళ మధ్య నుంచి. "ఏం చేశావే అమ్మా. వీళ్ళేం వదిలారో నాకు తెలియాలి కదా. అదే కదా నాక్కావల్సింది."

ఓనరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. మెల్లగా, తొందరలేకుండా. పిట్ట కూడా తల వంచి చూసింది. ఇద్దరి తలలూ దగ్గరకొచ్చాయి. నేనూ చూశాను, నాకేం అర్థంకాలేదు. రొట్టెముక్కలు, అంతే.

"అన్నీ ఒకటే కొస" అంది ఓనరమ్మ.

"ఎడమ కొస" అంది పిట్ట.

"ఇక్కడ వంకాయ లేదు. ఇక్కడా లేదు. చూడు, పూత ఎక్కడ ఆగిపోయిందో. వట్టి రొట్టె ఎవరు తింటారు?"

పిట్ట తన ఎడమ చెయ్యి పైకెత్తి చూసుకుంది. రొట్టెని పట్టుకున్నట్టు గాల్లో పట్టుకుంది, కుడిచేత్తో పూసినట్టు చేసింది. ఎడమ బొటనవేలి దగ్గరికి రాకముందే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"అక్కడెందుకు ఆపుతున్నావ్?" అంది ఓనరమ్మ.

పిట్ట నావైపు తిరిగింది. "చిన్నప్పుడు నేను స్టూలు మీద నిలబడి వెన్న పూసేటప్పుడు వెనకాల నిలబడి అరిచేది ఈవిడ. వేలు, వేలు, అక్కడే ఆపు అని. రోజూ. నేను ఎప్పుడూ చివరిదాకా పుయ్యలేదు. పుయ్యట్లేదని కూడా నాకు తెలీదు."

"అరిచాను" అన్నాను. "ఇప్పుడూ అరుస్తాను. దానికి పది వేళ్ళూ ఉన్నాయి, చూసుకోండి. అవి ఊరికే ఉన్నాయనుకున్నారా?"

"పూసే కత్తి మొద్దుదమ్మా!" అంది పిట్ట. "దాంతో వెన్న కూడా తెగదు."

"మొద్దు కత్తైతే మాత్రం పొడుచుకోదా ఏం?"

వదిన నవ్వు ఆపుకోలేక దగ్గింది. టైలరు నోటికి టేపు అడ్డం పెట్టుకున్నాడు. ఓనరమ్మ మాత్రం నవ్వలేదు. ముక్కలన్నీ ట్రేలోకి తోసేసింది.

"సరే. దొంగవి కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అంది పిట్టతో. "కానీ నీ శనివారం అయిపోయింది. ఒక్కసారే అవకాశం, అందరికీ అదే రూలు. లోపలికెళ్ళి పెనాలు చూడు."

ఇలాంటప్పుడు పిట్టకి నేను ఏం చెప్తానో ఇంట్లో అందరికీ తెలుసు. తల వంచుకో, పెద్దవాళ్ళతో వాదించకు, ఉన్నది పోగొట్టుకోకు. ఆ మాటలన్నీ నా నాలుక చివరదాకా వచ్చి నిలబడ్డాయి.

"వెళ్ళను" అంది పిట్ట.

"ఏంటీ?"

"కాగితాలు చూసి తేలుస్తానన్నారు. మీరు చూడలేదు. చూడకుండా ఎలా పంపిస్తారు? రొట్టె ఇంకా ఉంది. వంకాయ ఇంకా ఉంది. అదిగో, గుమ్మం దగ్గర జనం ఇంకా ఉన్నారు. అన్నీ అయిపోయేదాకా నా శనివారం అయిపోలేదు."

"చూడనివ్వనిది మీ అమ్మ."

"అయితే ఆవిణ్ణి పెనాలు తోమమనండి."

ఓనరమ్మ నావైపు తిరిగింది. నేను బతిమాలతానని ఎదురుచూస్తున్నట్టుంది. పిల్లది ఏదో తెలీక మాట్లాడింది, క్షమించండి మేడమ్, అంటానని. నేనూ అదే అనబోయాను, ఒట్టు. పిట్ట నడుముకి యాప్రాన్ ముడి బిగించుకుంటోంది, రెండు చేతులూ వెనక్కి పెట్టి, నా ముఖంలోకే చూస్తూ. నేను ఏం అంటానో దానికి ముందే తెలుసన్నట్టు చూస్తోంది.

"అది అడిగిందాంట్లో తప్పేముంది మేడమ్?" అన్నాను. "రూలు మీదే, మీ రూలు ప్రకారమే చూడండి. చూడనంటే చెప్పండి. ఆ యాప్రాన్ నేనే విప్పి మీ చేతికిచ్చి, ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళిపోతాను. మళ్ళీ ఆలుగడ్డలు ఒలవడానికి మాత్రం పంపను."

"అదీ!" అంది వదిన, కుర్చీ చప్పుడు చేస్తూ.

గుమ్మం దగ్గరున్నవాళ్ళు లోపలికి తొంగిచూస్తున్నారు. ఒకాయన గడియారం చూసుకుని, "అమ్ముతారా అమ్మరా?" అన్నాడు.

"అమ్ముతాం" అంది పిట్ట, ఓనరమ్మ నోరు తెరవకముందే.

నన్ను గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. చేతులు రెండూ టేబుల్ మీద కనపడేలా పెట్టమంది ఓనరమ్మ. సంచి వదిన ఒళ్ళో. టైలరు వెళ్ళకుండా పిట్ట చేసిన శాండ్విచ్ ఇంకొకటి చెప్పి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు, కాపలా ఉన్నట్టు. "మీరంటే నమ్మకం లేక కాదమ్మా" అన్నాడు, తన కాగితాన్ని కాస్త తనవైపు జరుపుకుంటూ.

ఈసారి పిట్ట అల్మారా వెనక దాక్కోలేదు. రొట్టెని కౌంటరు మీదకే తెచ్చుకుంది. వంకాయ ముద్ద తీసి పూసింది. కత్తి బొటనవేలి వైపు వస్తోంది. వస్తూనే ఉంది. నా అరిచేతులు టేబుల్‌కి అంటుకుపోయాయి. కత్తి వేలిని తాకింది. వేలి మీద కూడా వంకాయ అంటింది. పిట్ట దాన్ని గుడ్డకి తుడుచుకుని, ఇంకో రొట్టె తీసింది. ఈసారి నన్ను చూస్తూనే కొసదాకా పూసింది. పొగరు. అచ్చం మా అత్తగారి పొగరు.

జనం తిన్నారు, లేచారు. నేను కదల్లేదు. ప్రతి కాగితం వైపూ మెడ సాగదీసి చూస్తుంటే వదిన నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పేది. ఓనరమ్మ ట్రేతో వచ్చింది. వంగింది, చూసింది, తీసింది. ఒక కాగితం మీద గుడ్డు చక్రం ఒకటి జారి పడింది. ఒకదాంట్లో పుదీనా ఏరి పక్కన పెట్టారు. గడియారం చూసుకున్నాయన సగానికి సగం వదిలేసి వెళ్ళిపోయాడు. నా ప్రాణం అక్కడే పోయింది.

టైలరు దగ్గర అంచు మిగిలింది. ఓనరమ్మ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. అంచు చివరిదాకా వంకాయ పూత ఉంది, ఆయన దాన్ని పళ్ళతో గీరుకుని తిన్న గుర్తులున్నాయి.

"ఇది పన్ను వల్ల మిగిలింది" అంది. "నీ వల్ల కాదు."

తరవాత ఆ సగం శాండ్విచ్ పిట్ట ముందు పెట్టింది. "దీనికేమంటావు?"

పిట్ట విప్పి చూసింది, వాసన చూసింది. "ఆయనకి వెల్లుల్లి పడలేదు."

"తగ్గిస్తావా?"

తగ్గిస్తాననవే, అన్నాను మనసులో. ఒక్క మాట, ఏం పోతుంది నీకు?

"తగ్గించను" అంది పిట్ట. "ఆయన 'మేడ' తింటాడు. ఇది తినేవాళ్ళు ఇది తింటారు."

ఓనరమ్మ ఆ సగాన్ని చెత్తబుట్టలో వేసి, ట్రే బోర్లించి తట్టింది. "సోమవారం నుంచి ముందు బల్ల" అంది. వంటగది వైపు నడుస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు నా టేబుల్ దగ్గర ఆగింది. "మీరు మాత్రం ఇక ఈ షాపులో అడుగు పెట్టకండి."

పిట్ట ఏదో అనబోయింది. నేను చేతులు టేబుల్ మీద నుంచి తీసి లేచి నిలబడ్డాను.

"పెడతాను మేడమ్. లైన్లో నిలబడతాను, కొనుక్కుంటాను, అదిగో ఆ మధ్య టేబుల్ దగ్గర కూర్చుని తింటాను. పక్కవాళ్ళ కాగితం వైపు చూడను. ఎంగిలి ముట్టిన మాట నిజమే, దానికి మీరేమన్నా పడతాను. నా కూతురు చేసింది తినొద్దంటే మాత్రం పడను. కావాలంటే గుమ్మం దగ్గర సంచి వెతికించుకోండి."

"వెతుకుతాను" అంది ఓనరమ్మ.

"వెతకండి."

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం. ఆవిడ కళ్ళజోడు తీసింది. నేను కళ్ళు దించలేదు.

"వెనక జనం ఆగిపోయారు" అంది పిట్ట. గొంతు పెంచి, ఆవిడనీ నన్నూ ఇద్దర్నీ దాటి గుమ్మం వైపు కేకేసింది. "తరవాతెవరండీ, రండి!"